వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ విండోస్ నుంచి లినక్స్ మీదికి: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

రైస్ మిల్లు గేటు దగ్గర 60 టన్నుల వేబ్రిడ్జి. దాని గదిలో పాత కంప్యూటర్, అందులో విజువల్ బేసిక్ 6తో రాసిన కాటా సాఫ్ట్‌వేర్. ధాన్యం లారీ లోడుతో ఎక్కినప్పుడు గ్రాస్, సరుకు దించి తిరిగొచ్చినప్పుడు టేర్, రెండింటి తేడా నెట్. చివర్లో మూడు కాపీల చీటీ. తూకాలన్నీ ఒకే ఎండీబీ ఫైల్లో, అంటే యాక్సెస్ డేటాబేస్‌లో చేరతాయి. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు అందుబాటులో లేరు, సోర్సు కోడూ లేదు. అయినా అది చేసే పనిలో లోటేమీ లేదు. మార్చాల్సింది దాని కింద ఉన్న విండోస్‌నే. విండోస్ 7కి భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14న ఆగిపోయాయి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, ఈ పెట్టెలో అది లేదు.

కాబట్టి పెట్టె అదే, సాఫ్ట్‌వేర్ అదే. కింద డెబియన్ 12 అనే లినక్స్, మధ్యలో వైన్. సీజన్లో కాటా ఒక్క పూట ఆగినా గేటు బయట లారీల వరుస పెరుగుతుంది కాబట్టి ఈ పనంతా కోతలు మొదలవక ముందే తేలాలి.

వైన్ అనేది విండోస్‌ను లోపల పెట్టుకున్న యంత్రం కాదు. విండోస్ ప్రోగ్రామ్ ‘ఫైలు తెరువు’, ‘కిటికీ గీయి’, ‘పోర్టు చదువు’ అని అడిగే పిలుపులను అందుకుని, వాటికి సరిపడే లినక్స్ పిలుపులుగా మార్చి పని చేయిస్తుంది. ప్రోగ్రామ్‌లోని ఆదేశాలు ప్రాసెసర్ మీద నేరుగా నడుస్తాయి కాబట్టి వేగం తగ్గదు, విండోస్ లైసెన్సు అక్కర్లేదు. 1993లో విండోస్ 3.1 ప్రోగ్రాముల కోసం మొదలైన ఈ పని 1.0 వెర్షన్‌కు చేరింది 2008 జూన్‌లో. ఇలాంటి పనుల్లో ప్రోగ్రామ్ కిటికీ తెరుచుకోవడం చాలా చిన్న భాగం. అసలు పరీక్ష ఆ ప్రోగ్రామ్ తన బయట వేటిని తాకుతుందన్నది: పోర్టు, ప్రింటర్, డేటాబేస్, తేదీ, ఫాంటు. ఈ డైరీ నిండా ఉండేది అదే.

ఏదీ ఇన్‌స్టాల్ చేయక ముందు

పాత విండోస్ మీద సాఫ్ట్‌వేర్ నడుస్తుండగానే దాని చుట్టూ ఉన్నవన్నీ రాసుకున్నాం. ఇండికేటర్ (కాటా బరువు చూపించే పెట్టె) ఏ కామ్ పోర్టుకు, అంటే సీరియల్ పోర్టుకు, ఏ వేగంతో. ప్రింటర్ ఏ పేరుతో. ఎండీబీ ఏ ఫోల్డర్లో. కంట్రోల్ ప్యానెల్లో తేదీ రూపం ఏమిటి. స్క్రీన్ మీద తెలుగు ఏ ఫాంటుతో.

అన్నిటికంటే ముందు చూడాల్సింది డాంగిల్. కాటా సాఫ్ట్‌వేర్లలో కొన్నిటికి హార్డ్‌వేర్ తాళం ఉంటుంది, పారలల్ పోర్టుకో యూఎస్‌బీకో తగిలించే చిన్న ముక్క. దానికి విండోస్ కెర్నెల్ డ్రైవర్ కావాలి. విండోస్ హార్డ్‌వేర్ డ్రైవర్లను నడిపే పని వైన్ మీద పెట్టుకోకూడదు. డాంగిల్ ఉంటే ఈ దారి వదిలేసి, చెల్లే విండోస్ లైసెన్సుతో వర్చువల్ మెషీన్ పెట్టుకోవడమే సరైన పని. ఇక్కడ డాంగిల్ లేదు.

డాంగిల్ లేకపోయినా కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు డిస్క్ వాల్యూమ్ సీరియల్ నంబరు చూసి తెరుచుకుంటాయి. వైన్‌లో ఆ నంబరును డ్రైవ్ సి ఫోల్డర్ మొదట్లో ‘.విండోస్-సీరియల్’ అనే చిన్న టెక్స్ట్ ఫైల్లో 8 హెక్స్ అంకెలుగా రాసి ఇవ్వొచ్చు. పాత పెట్టెలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వాల్ అని కొడితే ఆ నంబరు కనిపిస్తుంది. కొన్న లైసెన్సు ఒక్క కంప్యూటర్‌కే అయితే పాతదాన్ని ఆపాకే ఇది చేయాలి.

ఇక సీడీ. విజువల్ బేసిక్‌తో వచ్చే ప్యాకేజింగ్ విజార్డ్‌తో తయారైన సీడీలన్నిటిలో సెటప్.ఎల్ఎస్‌టీ అనే ఫైలుంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, సాఫ్ట్‌వేర్‌కు కావాల్సిన డీఎల్ఎల్, ఓసీఎక్స్ ఫైళ్లన్నీ (ప్రోగ్రామ్ వాడుకునే విడి కోడ్ ముక్కలు) వెర్షన్లతో సహా వరుసగా ఉంటాయి. ఆ జాబితా చేతికొస్తే ఊహించాల్సిన పని సగం తప్పుతుంది. మనకు అందులో దొరికినవి: వీబీ రన్‌టైమ్ ఎంఎస్‌వీబీవీఎం60, పట్టికలకు ఎంఎస్‌ఫ్లెక్స్‌గ్రిడ్, టూల్‌బార్లకు ఎంఎస్‌కామ్‌సీటీఎల్, సీరియల్ పోర్టుకు ఎంఎస్‌కామ్32, డేటాబేస్‌ను తెరిచి చదవడానికి ఏడీవో, జెట్ 4.0.

అసలు డేటా ఎక్కడుంది

ఇది వేరే శీర్షిక కింద పెట్టి చెప్పాల్సినంత ముఖ్యం. ఎక్స్‌పీ కాలం నాటి సాఫ్ట్‌వేర్లు డేటాను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లోనే రాస్తాయి. విస్టా నుంచి మామూలు యూజర్‌కు అక్కడ రాసే హక్కు లేదు. పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా విండోస్ ఆ రాతను గుట్టుగా మరో చోటికి మళ్లిస్తుంది: యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా, దానిలో లోకల్, దానిలో వర్చువల్‌స్టోర్. ప్రోగ్రామ్‌కు మాత్రం తాను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే రాస్తున్నట్టు కనిపిస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఎండీబీని కాపీ చేసుకొచ్చేస్తే ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసిన నాటి ఖాళీ ఫైలు వస్తుంది, లేదా విండోస్ మార్చిన నాటితో ఆగిపోయిన ఫైలు వస్తుంది. రెండో రకం ఇంకా ప్రమాదం. తెరిచి చూస్తే నిండుగా లెక్కలుంటాయి, అంతా సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది.

అందుకే రెండు చోట్లా వెతికి, చివరగా మారిన తేదీ, సైజు పోల్చి, ఆఖరి చీటీ నంబరు ఫైల్లో ఉందో లేదో చూశాకే కాపీ తీసుకున్నాం. కాపీకి ముందు సాఫ్ట్‌వేర్ మూసేయాలి. ఎండీబీ పక్కన అదే పేరుతో ఎల్‌డీబీ ఫైలు కనిపిస్తుంటే ఇంకా ఎవరో తెరిచి ఉంచారని అర్థం.

ఎండీబీకి 2 జీబీ హద్దు ఉంది. తూకం లెక్కలకు అది చాలా దూరం.

వైన్ పెట్టడం

డెబియన్ 12, 64 బిట్, ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్. కాటా సాఫ్ట్‌వేర్ 32 బిట్‌ది కాబట్టి ముందుగా డెబియన్ ప్యాకేజీలు చూసే డీపీకేజీకి ఐ386 (32 బిట్) ఆర్కిటెక్చర్ జోడించి, ప్యాకేజీల జాబితా తాజా చేసి, ఆ తర్వాతే వైన్, వైన్32, క్యాబ్‌ఎక్స్‌ట్రాక్ట్ ఇన్‌స్టాల్ చేయాలి. వరుస తప్పితే వైన్32 ప్యాకేజీ దొరకదు. అప్పుడు ఏ 32 బిట్ ప్రోగ్రామ్ నడిపినా వైన్32 లేదన్న హెచ్చరిక వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఫైళ్లను దించి వైన్‌లో పెట్టే వైన్‌ట్రిక్స్ డెబియన్ ‘కాంట్రిబ్’ విభాగంలో ఉంటుంది, ఆ విభాగాన్ని సోర్సుల జాబితాలో కలపాలి.

డెబియన్ 12లో వచ్చేది వైన్ 8.0. పాతదే అయినా ఈ పనికి ఇదే నయం. 9.0 నుంచి వైన్‌లో కొత్త పద్ధతి వచ్చింది. 32 బిట్ ప్రోగ్రాములను 64 బిట్ లైబ్రరీలతోనే నడపడం దాని ఉద్దేశం. ఆ పద్ధతి ఒక్కటితోనే తయారుచేసిన వైన్‌లో పూర్తి 32 బిట్ ప్రిఫిక్స్ (వైన్ వాడుకునే ఫోల్డరు, వివరం కింద) అడిగితే కుదరదని చెప్పేస్తుంది. మనకు కావాల్సిన ఎండాక్ 2.8 (ఏడీవో ఉండే మైక్రోసాఫ్ట్ ప్యాకేజీ) మాత్రం 32 బిట్ ప్రిఫిక్స్‌లోనే కూర్చుంటుంది. అందుకని అన్నీ పని చేశాక వైన్ ప్యాకేజీలను ఆప్ట్-మార్క్ హోల్డ్‌తో అక్కడే నిలిపేశాం.

ప్రిఫిక్స్ అంటే వైన్ తయారుచేసే నకిలీ సి డ్రైవ్, రిజిస్ట్రీ (సెట్టింగుల పట్టిక), రెండూ ఉన్న ఒక మామూలు ఫోల్డరు. ఏమీ చెప్పకపోతే హోమ్‌లో ‘.వైన్’ పేరుతో పుడుతుంది. కాటా కోసం విడిగా ఒకటి కావాలి. వైన్‌ప్రిఫిక్స్ వేరియబుల్‌లో ఆ ఫోల్డరు దారి, వైన్‌ఆర్చ్‌లో విన్32 పెట్టి వైన్‌బూట్ నడపాలి. వైన్‌ఆర్చ్ విలువ ప్రిఫిక్స్ పుట్టేటప్పుడే తేలిపోతుంది, తర్వాత మార్చడానికి వీల్లేదు.

తర్వాత వైన్‌ట్రిక్స్‌తో ఈ వరుసలో: వీబీ6రన్, ఎండాక్28, జెట్40, కామ్‌సీటీఎల్32ఓసీఎక్స్, ఎంఎస్‌ఎఫ్ఎల్ఎక్స్‌జీఆర్‌డీ. ఎంఎస్‌కామ్32 ఓసీఎక్స్‌ను సీడీ నుంచి సిస్టమ్32లో వేసి, వైన్ లోపలి రెగ్‌ఎస్‌వీఆర్32తో రిజిస్టర్ చేశాం. ఒక్కో మెట్టు తర్వాత ప్రిఫిక్స్ మొత్తాన్ని టార్ కమాండుతో ఒకే ఫైలుగా కట్టి దాచాలి. తర్వాతి మెట్టు చెడితే మొదటికి రాకుండా ముందు మెట్టు నుంచే మొదలుపెట్టొచ్చు.

బ్యాకప్ విషయంలో ఒక జాగ్రత్త. ప్రిఫిక్స్‌లోని డాస్‌డివైసెస్ ఫోల్డర్లో జెడ్ అనే లింకు మొత్తం లినక్స్ రూట్‌కు చూపిస్తుంది. టార్ లింకును లింకుగానే దాస్తుంది. లింకుల వెంట వెళ్లే ఆప్షన్‌తో కాపీ కమాండు వాడితే హార్డ్ డిస్క్ అంతా బ్యాకప్‌లోకి ఎక్కడం మొదలవుతుంది.

వైన్‌ట్రిక్స్ దించుకున్న మైక్రోసాఫ్ట్ ఫైళ్లు హోమ్‌లోని ‘.క్యాష్’ కింద వైన్‌ట్రిక్స్ ఫోల్డర్లో మిగులుతాయి. వాటినీ పెన్‌డ్రైవ్‌లో దాచాం. ఇంత పాత ఫైళ్లు నెట్‌లో ఎప్పటికీ అదే చోట ఉంటాయని నమ్మడానికి లేదు.

ఎదురయ్యే తప్పులు, వాటి అర్థాలు:

రన్-టైమ్ ఎర్రర్ 339 వస్తే ఏదో ఓసీఎక్స్ లేదు, లేదా రిజిస్టర్ కాలేదు. పేరు ఆ సందేశంలోనే ఉంటుంది. 429 వస్తే ప్రోగ్రామ్ అడిగిన కాంపొనెంట్ పుట్టలేదు, చాలాసార్లు ఏడీవో లేదా డీఏవో. 3706 వస్తే జెట్ ప్రొవైడర్ దొరకలేదు, జెట్40 సరిగ్గా ఎక్కలేదన్నమాట. 3024 వస్తే ఎండీబీ ఫైలే కనపడలేదు. ఈ చివరిదానికి కారణం చాలాసార్లు ఫైలు కాదు, ప్రోగ్రామ్‌ను ఏ ఫోల్డర్లో నిలబడి నడిపామన్నది. ప్రోగ్రామ్ పూర్తి దారి కాకుండా ఫైలు పేరొక్కటే వాడితే, ముందు సీడీ కమాండుతో దాని ఫోల్డర్లోకి మారి అప్పుడే వైన్ పిలవాలి. లాంచర్ స్క్రిప్టులో అదొక తప్పనిసరి వరుస.

డేటాబేస్ తెరుచుకుని కూడా విచిత్రంగా ప్రవర్తిస్తుంటే, వైన్‌డీబగ్‌లో ప్లస్ లోడ్‌డీఎల్ఎల్ పెట్టి టెర్మినల్ నుంచి నడపాలి. ప్రతి డీఎల్ఎల్ పక్కన నేటివ్ అనో బిల్టిన్ అనో రాస్తుంది. ఓఎల్ఈడీబీ32, ఓడీబీసీ32 పక్కన బిల్టిన్ కనిపిస్తే వైన్ సొంత సగం పూర్తయిన రూపాలు లోడవుతున్నాయి. వైన్ సెట్టింగుల కిటికీ వైన్‌సీఎఫ్‌జీలో లైబ్రరీస్ ట్యాబ్‌కు వెళ్లి వాటిని ‘నేటివ్ తర్వాత బిల్టిన్’గా మార్చాలి. ఫిక్స్‌మీ అని మొదలయ్యే వందల వరుసలను చూసి కంగారు పడనక్కర్లేదు, ఎర్ర్ అని మొదలయ్యేవి చదివితే చాలు.

స్థితి: లాగిన్ కిటికీ వచ్చింది, పాత చీటీలు తెరుచుకుంటున్నాయి.

కామ్ పోర్టు

ఈ పెట్టెలో సీరియల్ పోర్టు పని చేయడం లేదు, యూఎస్‌బీ అడాప్టరే దిక్కు. ఎఫ్‌టీడీఐ, పీఎల్2303, సీహెచ్340 చిప్పులు మూడింటికీ డ్రైవర్లు లినక్స్ కెర్నెల్లోనే ఉన్నాయి. తగిలించగానే డెవ్ (లినక్స్ పరికరాలను చూపించే ఫోల్డరు) కింద టీటీవైయూఎస్‌బీ0 రావాలి. సీహెచ్340 అయితే ఒక్కోసారి వచ్చినట్టే వచ్చి మాయమవుతుంది. డీఎంఈఎస్‌జీ (కెర్నెల్ సందేశాల) లాగ్‌లో బీఆర్ఎల్‌టీటీవై పేరు కనిపిస్తే కారణం తెలిసినట్టే. అది చూపులేని వారి బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపే ప్యాకేజీ. కొన్ని డిస్‌ప్లేలలో ఇదే చిప్పు, ఇదే ఐడీ ఉండటం వల్ల అడాప్టర్‌ను అది తనదనుకుని పట్టుకుంటుంది. ఈ కంప్యూటర్‌ను బ్రెయిలీ డిస్‌ప్లేతో వాడేవారు ఎవరూ లేకపోతే ఆ ప్యాకేజీని తీసేయొచ్చు.

యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి, లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. లేకపోతే పోర్టు కనిపిస్తుంది కానీ తెరుచుకోదు.

వైన్ దాకా పోకముందే లినక్స్‌లోనే బరువు చదివి చూడాలి. ఎస్‌టీటీవైతో వేగం పెట్టి, క్యాట్‌తో పోర్టు చదివితే అంకెల వరుస పారుతూ రావాలి. మన ఇండికేటర్ వేగం 2400 బాడ్, అంటే సెకనుకు 2400 బిట్లు. అంతా చెత్త అక్షరాలైతే వేగం తప్పు. కొన్ని అంకెలే చెడితే అది పారిటీ (తప్పు పట్టడానికి పంపే అదనపు బిట్టు) తప్పు, దీన్ని పట్టుకోవడానికి ఖచ్చితమైన గుర్తు ఉంది. ఇండికేటర్ 7 బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతుంటే మనం 8 బిట్లు, పారిటీ లేకుండా చదివితే, పారిటీ బిట్టు ఎనిమిదో బిట్టుగా వచ్చి చేరుతుంది. 0, 3, 5, 6, 9 అంకెల కోడ్లలో ఒకట్లు సరి సంఖ్యలో ఉంటాయి కాబట్టి అవి బాగానే వస్తాయి. 1, 2, 4, 7, 8 అంకెలకు 128 కలిసి చెత్తగా మారతాయి. ఖాళీ కాటా మీద సున్నాలు చక్కగా వస్తున్నాయని వదిలేస్తే ఈ తప్పు లారీ ఎక్కే దాకా బయటపడదు.

ఏమీ రాకపోతే కేబుల్ చూడాలి. 9 పిన్నుల కనెక్టర్‌లో కంప్యూటర్ వైపు 2 వినేది, 3 పంపేది, 5 గ్రౌండు. ఇండికేటర్ పంపే తీగ 2కు రావాలి.

వైన్‌కు ఈ పోర్టును చెప్పడం రిజిస్ట్రీలో. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, వైన్, పోర్ట్స్ అన్న కీ కింద కామ్1 పేరుతో స్ట్రింగ్ విలువ చేర్చి, లినక్స్ డివైస్ దారి రాయాలి. టీటీవైయూఎస్‌బీ0 అని రాయకూడదు. ఇంకో అడాప్టర్ తగిలిస్తే ఆ అంకె మారిపోవచ్చు. డెవ్, సీరియల్, బై-ఐడీ ఫోల్డర్లో ఉండే పొడవాటి పేరు రాస్తే ఆ అడాప్టర్ ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉన్నా అదే దొరుకుతుంది. తర్వాత తెర వెనక నడిచే వైన్‌సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. డాస్‌డివైసెస్‌లో చేత్తో లింకు పెట్టమనే సలహా పాతది. 2.8 వెర్షన్ నుంచి వైన్ ఆ లింకులను తానే తిరగరాస్తుంది.

ఎంఎస్‌కామ్ 8002 తప్పు ఇస్తే ఆ నంబరు పోర్టు లేదు, 8005 ఇస్తే అప్పటికే తెరిచి ఉంది. క్యాట్‌ను టెర్మినల్లో వదిలేస్తే అదీ పోర్టును చదువుతూ బైట్లు తినేస్తుంది, స్క్రీన్ మీద బరువు తెగి తెగి వస్తుంది.

పోర్టు తెరుచుకున్నంత మాత్రాన పని అయినట్టు కాదు. స్క్రీన్ మీది బరువు ఇప్పటిదేనా అన్నది తేలాలి. ఒక్కో అక్షరానికి 10 బిట్లు పడతాయి కాబట్టి 2400 బాడ్‌లో సెకనుకు 240 అక్షరాలు వస్తాయి. ప్రోగ్రామ్ వాటిని అంతే వేగంగా తీసుకోకపోతే మిగిలినవి బఫర్‌లో పేరుకుంటాయి. ఎంఎస్‌కామ్ బఫర్ మామూలుగా 1024 బైట్లు, అంటే 4 సెకన్ల పాత బరువు. లినక్స్ కెర్నెల్ వైపు 4096 బైట్లు ఆగే చోటుంది, అది నిండితే మరో 17 సెకన్లు. లారీ కదిలిపోయాక కూడా స్క్రీన్ మీద దాని బరువు నిలిచి ఉండొచ్చు. ఈ కాటా 10 కిలోల మెట్టుతో చూపిస్తుంది కాబట్టి మనిషి ఎక్కి దిగినా తేడా తెలుస్తుంది. ఒకరు ప్లాట్‌ఫారం మీద నిలబడి దిగుతుండగా ఇండికేటర్‌నూ స్క్రీన్‌నూ పక్కపక్కన చూడాలి. ఈ పరీక్షను సాఫ్ట్‌వేర్ తెరిచిన వెంటనే ఒకసారి, గంటల తరబడి నడిచాక మరోసారి చేయాలి. పేరుకోవడం మెల్లగానే జరుగుతుంది. ఆలస్యం కనిపిస్తే ఇండికేటర్ సెట్టింగుల్లో ఎడతెగకుండా పంపే పద్ధతి బదులు తక్కువ సార్లు పంపే పద్ధతి ఉందేమో చూడాలి.

బల్ల మీద పరీక్షకు రెండు అడాప్టర్లు, మధ్యలో 2, 3 పిన్నులు అడ్డంగా మార్చి 5ను నేరుగా కలిపిన కేబుల్ చాలు. ఇండికేటర్ నుంచి పట్టుకున్న అంకెల వరుసను ఒకదాని నుంచి పంపితే రెండోదాన్ని సాఫ్ట్‌వేర్ చదువుతుంది. లారీ లేకుండానే నూరు తూకాలు వేసి చూడొచ్చు.

స్థితి: బరువు వస్తోంది, ఆలస్యం లేదు.

చీటీ ప్రింటర్

మూడు కాపీలు ఒకే దెబ్బలో రావాలి కాబట్టి డాట్ మ్యాట్రిక్స్ తప్పదు. ఇక్కడున్నది 9 పిన్నుల 80 కాలమ్ ప్రింటర్, యూఎస్‌బీ కేబుల్‌తో. సాఫ్ట్‌వేర్ ఎల్‌పీటీ1ను (విండోస్‌లో పారలల్ పోర్టు పేరు) ఫైలులా తెరిచి, అక్షరాలనూ ఈఎస్‌సీ/పీ అనే ప్రింటర్ ఆదేశాల కోడ్లనూ నేరుగా తోస్తుంది. పాత విండోస్‌లో నెట్ యూజ్‌తో ఎల్‌పీటీ1ను షేర్ చేసిన ప్రింటర్‌కు మళ్లించారు.

లినక్స్‌లో యూఎస్‌బీ ప్రింటర్ తగిలిస్తే యూఎస్‌బీఎల్‌పీ డ్రైవర్ డెవ్ కింద యూఎస్‌బీ ఫోల్డర్లో ఎల్‌పీ0 సృష్టిస్తుంది. యూఎస్‌బీ నుంచి పారలల్‌కు మార్చే కేబుల్ వాడినా అదే పేరు. వైన్ తనంతట తాను వెతికేది డెవ్ కింద నేరుగా ఉండే ఎల్‌పీ0 కోసం, అంటే అసలైన పారలల్ పోర్టు కోసం. కాబట్టి ఇక్కడా పోర్ట్స్ కీ కింద ఎల్‌పీటీ1కు దారి రాయాలి. యూజర్ ఎల్‌పీ గ్రూపులో ఉండాలి.

లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థ కప్స్‌లో ఇదే ప్రింటర్‌ను కలిపితే గొడవ మొదలవుతుంది. కప్స్ యూఎస్‌బీ బ్యాకెండ్ ప్రింట్ చేసేటప్పుడు యూఎస్‌బీఎల్‌పీ డ్రైవర్‌ను విడదీస్తుంది, ఎల్‌పీ0 మాయమవుతుంది. ఒక ప్రింటర్‌కు ఒకటే దారి ఉండాలి. చీటీ ప్రింటర్‌ను కప్స్ నుంచి తీసేశాం. రోజువారీ రిపోర్టులు ఇచ్చే లేజర్ ప్రింటర్ మాత్రం కప్స్‌లో ఉంది, అది వైన్‌లో దానంతట అదే కనిపిస్తుంది. కనిపించకపోతే 32 బిట్ కప్స్ లైబ్రరీ ఇన్‌స్టాల్ అయిందో లేదో చూడాలి. ఏ ప్రింటరూ దొరకనప్పుడు వీబీ 482 తప్పు ఇస్తుంది.

లినక్స్ టెర్మినల్ నుంచి పరీక్షగా రెండు వరుసలు పంపితే రెండోది మెట్టులా జరిగి మొదలవుతుంది. లినక్స్ వరుస చివర లైన్ ఫీడ్ ఒక్కటే పెట్టడం వల్ల అలా వస్తుంది. వీబీ రెండు కోడ్లూ పంపుతుంది కాబట్టి చీటీలో ఆ సమస్య ఉండదు.

చీటీ పొడవు: మన కాగితం 10 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు. అంగుళానికి 6 వరుసల లెక్కన 36 వరుసలు. సాఫ్ట్‌వేర్ ముందుగా 27, 64 పంపి ప్రింటర్‌ను రీసెట్ చేస్తుంది, ఆ తర్వాత 27, 67, 36 పంపి పేజీ పొడవు చెబుతుంది, చివర 12తో పేజీ వదులుతుంది. పేజీ పొడవు కోడ్ పంపని సాఫ్ట్‌వేర్ అయితే ప్రింటర్ ప్యానెల్లోనే పొడవు సెట్ చేయాలి. లేకపోతే ఒక్కో చీటీకి కాగితం 11 లేదా 12 అంగుళాలు దూకుతుంది. లారీ నంబరు వరుసను సన్న అక్షరాల్లో కొట్టే కోడ్ 15. ఇవన్నీ ప్రింటర్‌కు యథాతథంగా చేరుతున్నాయి కాబట్టి మధ్యలో ఏ డ్రైవరూ వేలు పెట్టదు.

తేదీలు

తప్పు సందేశం కూడా రాకుండా లెక్క చెడగొట్టేది ఇది.

వైన్ తన ప్రాంతీయ సెట్టింగులను భాష, ప్రాంతం చెప్పే లినక్స్ ల్యాంగ్ వేరియబుల్ నుంచి తీసుకుంటుంది. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అమెరికా ఇంగ్లిష్ ఎంచుకుని ఉంటే తేదీలో నెల ముందుకొస్తుంది. 05/04/2025 అని టైపు చేస్తే ఏప్రిల్ 5 బదులు మే 4. 13/04/2025 మాత్రం సరిగ్గానే ఏప్రిల్ 13 అవుతుంది, ఎందుకంటే 13వ నెల లేదు. నెలలో మొదటి 12 రోజులు (రోజు, నెల అంకె ఒకటే అయితే తప్ప) తారుమారు, మిగతావి సవ్యం. పైపైన చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ఏప్రిల్ 1న చీటీ నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యే సాఫ్ట్‌వేర్‌లో, ఆ రోజు జనవరి 4గా చదివితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

జెట్ సొంత నియమం ఇంకొకటి ఉంది. ఎస్‌క్యూఎల్‌లో హ్యాష్ గుర్తుల మధ్య రాసిన తేదీని అది ఎప్పుడూ అమెరికా పద్ధతిలోనే, నెల ముందుగా చదువుతుంది. ప్రాంతీయ సెట్టింగు దానికి పట్టదు. మంచి ప్రోగ్రామర్లు దీన్ని తప్పించుకోవడానికి నెలను అక్షరాల్లో రాసి పంపుతారు, 05-ఏప్రి-2025 తరహాలో, ఇంగ్లిష్ పొట్టి పేరుతో. ఇక్కడే తెలుగు వాళ్లకు ప్రత్యేకంగా ఒక గుంట ఉంది. కంప్యూటర్ తెలుగులో ఉండాలన్న ప్రేమతో ల్యాంగ్‌ను తెలుగు లొకేల్‌గా (భాష, ప్రాంతం సెట్టింగుల కట్ట) పెడితే నెల పేరు తెలుగు లిపిలో వస్తుంది. విండోస్‌లో తెలుగుకు ఆన్సీ కోడ్ పేజీ (యూనికోడ్‌కు ముందటి అక్షరాల పట్టిక) అంటూ లేదు, వీబీ6 ఆన్సీ ప్రపంచంలోనే బతుకుతుంది. ఆ పేరు ప్రశ్నార్థకాలుగా మారి జెట్‌కు చేరుతుంది, రిపోర్టు ఆగిపోతుంది. డెస్క్‌టాప్ అంతా తెలుగులో ఉంచుకోండి, కాటా లాంచర్ స్క్రిప్టులో మాత్రం ల్యాంగ్‌ను భారత ఇంగ్లిష్‌గా పెట్టండి. ఆ లొకేల్ లొకేల్.జెన్ ఫైల్లో ఆన్ చేసి, జనరేట్ చేసి ఉండాలి. లేకపోతే పేరు పెట్టినా అమల్లోకి రాదు, మళ్లీ అమెరికా పద్ధతికే పడిపోతుంది. ఆపైన రిజిస్ట్రీలో కంట్రోల్ ప్యానెల్, ఇంటర్నేషనల్ కీ కింద ఎస్‌షార్ట్‌డేట్ విలువ పాత పెట్టెలో ఉన్నట్టే రోజు, నెల, నాలుగంకెల సంవత్సరంగా సరిచూశాం.

సరిచూసుకునే పద్ధతి: అదే ఎండీబీని పాత విండోస్‌లోనూ వైన్‌లోనూ తెరిచి, నెలవారీ చీటీల సంఖ్య, నెట్ బరువు మొత్తం పోల్చాలి. మూడో సాక్షిగా ఎండీబీ ఫైళ్లను చదివే లినక్స్ ఎండీబీటూల్స్. ఎండీబీ-ఎక్స్‌పోర్ట్‌తో పట్టికను సీఎస్‌వీగా తీసి అవే మొత్తాలు కట్టాలి, తేదీ రూపాన్ని సంవత్సరం, నెల, రోజు వరుసలో అడిగి తీసుకోవాలి. మూడూ కలిశాయి. ఆపైన 1 నుంచి 12 లోపు తేదీతో కొత్త చీటీ ఒకటి వేసి అది ఏ నెల రిపోర్టులో పడిందో చూశాం.

తెలుగు ఫాంటు, కిటికీ సైజు

రైతుల పేర్లు, ఊర్ల పేర్లు స్క్రీన్ మీద తెలుగులో కనిపిస్తాయి. అవి యూనికోడ్ కాదు, 8 బిట్ ఫాంటుతో ఇంగ్లిష్ కోడ్ల మీద తెలుగు ముక్కలు గీసిన పాత పద్ధతి. ఆ టీటీఎఫ్ ఫైలును ప్రిఫిక్స్‌లోని విండోస్, ఫాంట్స్ ఫోల్డర్లో వేస్తే చాలు, భారత ఇంగ్లిష్‌లో కోడ్ పేజీ 1252 కాబట్టి అక్షరాలు తమ చోట్లలోనే ఉన్నాయి. యూనికోడ్ తెలుగు వాడే సాఫ్ట్‌వేర్ గౌతమి ఫాంటును పేరుపెట్టి అడిగితే, వైన్ ఫాంట్స్ కింద రీప్లేస్‌మెంట్స్ కీలో గౌతమికి బదులు నోటో సాన్స్ తెలుగు అని రాయాలి.

వైన్‌సీఎఫ్‌జీలో డీపీఐ (అంగుళానికి చుక్కలు) 96 దాటనివ్వొద్దు. వీబీ6 కొలతలు ట్విప్పుల్లో (అంగుళంలో 1440వ వంతు) ఉంటాయి, 96 డీపీఐకి పిక్సెల్‌కు 15 ట్విప్పులు, 120కి 12. ఆ 15ను కోడ్‌లో నేరుగా రాసేసిన ఫారాలు పెద్ద డీపీఐలో బటన్లను కిటికీ బయటికి తోసేస్తాయి.

రోజువారీ నడక

లాంచర్ స్క్రిప్టు వరుస: వైన్‌ప్రిఫిక్స్, ల్యాంగ్, వైన్‌డీబగ్‌కు మైనస్ ఆల్, ప్రోగ్రామ్ ఫోల్డర్లోకి మారే సీడీ కమాండు, తర్వాత వైన్. ప్రోగ్రామ్ మూసిన వెంటనే వైన్‌సర్వర్ పూర్తిగా ఆగే దాకా ఆగి, ఎల్‌డీబీ లేదని చూసి, ఎండీబీని తేదీ పేరుతో కాపీ చేస్తుంది, పక్కనే సీఎస్‌వీ కూడా తీస్తుంది. కాపీ వేరే ఫోల్డర్లోకే వెళ్లాలి. లినక్స్‌లో పెద్ద అక్షరాల పేరూ చిన్న అక్షరాల పేరూ వేర్వేరు ఫైళ్లు, ఒకే ఫోల్డర్లో రెండూ ఉంటే ప్రోగ్రామ్ ఏది తెరిచిందో తేల్చుకోవడం కష్టం.

ఆఫీసు గదిలోని కంప్యూటర్ నుంచి కూడా ఇదే ఎండీబీని నెట్‌వర్క్‌లో తెరవాలని మిల్లు వాళ్లు అడిగారు. ఒప్పుకోలేదు. జెట్ తాళాలు ఒకవైపు వైన్, మరోవైపు సాంబా (లినక్స్ ఫైళ్లను విండోస్‌తో పంచే సాఫ్ట్‌వేర్) మీదుగా విండోస్ అన్నప్పుడు రెండు వైపులా ఒకేలా పడతాయన్న భరోసా లేదు, పాడయ్యేది ఏడాది లెక్క. ఆఫీసుకు సీఎస్‌వీ కాపీ వెళ్తుంది, చదువుకోవడానికి అది చాలు.

కరెంటు పోయినప్పుడు రాత మధ్యలో ఆగితే ఎండీబీ చెడుతుంది, అది విండోస్‌లోనైనా అంతే. యూపీఎస్ బ్యాటరీ మార్చారు. ఇండికేటర్, కంప్యూటర్, ప్రింటర్ మూడూ దాని మీదే ఉన్నాయి.

ఇంకా మిగిలినవి రెండు. ప్రింటర్ ఆపి మళ్లీ ఆన్ చేసినప్పుడు ఎల్‌పీ0 కాస్తా ఎల్‌పీ1గా వచ్చే అవకాశం ఉంది కాబట్టి, వెండర్ ఐడీ చూసి స్థిరమైన పేరు ఇచ్చే యూడెవ్ (పరికరాలకు పేర్లు పెట్టే లినక్స్ భాగం) రూలు రాసి, పోర్ట్స్ కీలో ఆ పేరు పెట్టాలి. రెండోది, స్క్రీన్ బ్లాంకింగ్, సస్పెండ్ ఆపేయడం. సస్పెండ్ నుంచి లేచినప్పుడు యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ కొత్తగా తగిలించినట్టు వస్తుంది, అప్పటికే తెరిచి ఉన్న కామ్1 చచ్చిపోతుంది, సాఫ్ట్‌వేర్ మూసి తెరిచే దాకా స్క్రీన్ మీద పాత బరువే ఉంటుంది. ఇవి రెండూ అయ్యాకే పాత విండోస్ డిస్క్ తీసి పక్కన పెడతాం, ఒక సీజన్ గడిచేదాకా చెరపం.